కృష్ణా నదిని ఏ బొమ్మలో పెట్టాలి? మైండ్ మ్యాపు, కాన్సెప్ట్ మ్యాపు, పట్టిక, కాలరేఖ, చీటీల మధ్య ఎంపిక

మా మేనకోడలు గ్రూప్-2 పరీక్షకు చదువుతున్న రోజుల్లో ఒక ఆదివారం ఏ3 కాగితాన్ని అడ్డంగా పరిచి, నడిమధ్య ‘కృష్ణ’ అని రాసి చుట్టూ సున్నా చుట్టింది. ఒక పక్కన కుడి ఉపనదులు: కోయన, పంచగంగ, ఘటప్రభ, మలప్రభ, తుంగభద్ర. రెండో పక్కన ఎడమ ఉపనదులు: భీమ, డిండి, మూసీ, పాలేరు, మున్నేరు. తుంగభద్ర కొమ్మను మిగతావాటికన్నా లావుగా ఆకుపచ్చ రంగుతో గీసి, దానికి తుంగ, భద్ర, వేదవతి, హంద్రి అని నాలుగు రెమ్మలు తగిలించింది. అరగంటలో నది మొత్తం కాగితం మీదికి వచ్చింది. చూడముచ్చటగా ఉంది. ఆ తర్వాత ప్రాజెక్టులు రాస్తూ శ్రీశైలం దగ్గర పెన్ను ఆపేసింది. “మామయ్యా, పోతిరెడ్డిపాడు నుంచి చెన్నైకి వెళ్ళే నీళ్ళను ఏ కొమ్మకు తగిలించాలి?” అని అడిగింది.

ఆ కాగితం మీద ఆ ప్రశ్నకు చోటు లేదు. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు తూముల గుండా బయలుదేరిన నీరు బనకచర్ల, వెలుగోడు దాటి, పెన్నా నది మీది సోమశిలకు చేరి, అక్కడి నుంచి కండలేరు మీదుగా తమిళనాడులోని పూండి జలాశయానికి వెళ్తుంది. ఒక నది నీరు మరో నదిలో దిగి, ఇంకో రాష్ట్రానికి పోతుంది. ఒక చెట్టు కొమ్మ వెళ్ళి మరో చెట్టుకు అతుక్కోదు కదా. మైండ్ మ్యాపు ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ దాన్ని పక్కన పెట్టాలో నాకు అంత స్పష్టంగా తెలిసింది ఆ రోజే. తర్వాత కొన్ని నెలలపాటు మేమిద్దరం ఒకే నదిని రకరకాల బొమ్మల్లో పెట్టి చూశాం. చదివినదాన్ని బొమ్మగా దాచుకోవాలనుకునేవాళ్ళు ఏది ఎంచుకోవాలో చెప్పడానికి ఆ కృష్ణనే ఉదాహరణగా తీసుకుంటున్నాను.

మైండ్ మ్యాపు: మొదలు ఒక్కటే ఉన్నప్పుడు

మధ్యలో ఒక మాట, దాని నుంచి వంకర కొమ్మలు, కొమ్మకు ఒక మాట, రంగులు, చిన్న చిన్న బొమ్మలు. ఈ పద్ధతికి మైండ్ మ్యాపు అన్న పేరు తెచ్చి, 1974లో బీబీసీ టీవీ కార్యక్రమం ద్వారా జనంలోకి తీసుకెళ్ళినవాడు టోనీ బూజాన్. విషయాన్ని చెట్టుగా గీయడం మాత్రం అంతకన్నా ఎంతో పాతది. మన ఇళ్ళలో వంశవృక్షం గీసేవాళ్ళు చేసిందీ అదే.

‘దేని కింద ఏది వస్తుంది?’ అన్న ప్రశ్నకు దీన్ని మించిన బొమ్మ లేదు. నది, ఉపనదులు అచ్చంగా చెట్టే. హంద్రి కర్నూలు దగ్గర తుంగభద్రలో కలుస్తుంది, తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది. ప్రతి వాగుకూ అది కలిసే నది ఒక్కటే ఉంటుంది. అందుకే మా మేనకోడలి బొమ్మ అంత తేలిగ్గా కుదిరింది. పరీక్షలో ‘కింది వాటిలో ఎడమ ఉపనది ఏది?’ అని అడిగితే ఆ కాగితంలో ఆ పేరు ఏ పక్కన ఉందో ఆమె కళ్ళ ముందు కదిలేది. కొత్త విషయం మొదలుపెట్టేటప్పుడు కూడా మైండ్ మ్యాపే మంచిది. తెలిసిందంతా ఒకసారి కాగితం మీద గుమ్మరిస్తే, ఏ కొమ్మ బోసిగా ఉందో, ఎక్కడ చదవాలో తేలుతుంది.

కొమ్మకు ఒకే మాట రాయాలన్న నియమం తెలుగులో రాసేవాళ్ళకు పెద్ద వరం. జలవివాదం, ముంపుగ్రామాలు, ఎత్తిపోతలు, వరదకట్టలు. రెండు మూడు మాటల పనిని మన సమాసం ఒక్కటే చేస్తుంది. వాక్యాలు రాయాలన్న తొందరను కాస్త ఆపుకుంటే చాలు.

ఇక దీని లోపాలు. మొదటిది, ఒక విషయానికి రెండు మొదళ్ళు ఉంటే ఇది తట్టుకోలేదు. వంశవృక్షాన్నే తీసుకోండి. మేనరికం చేసుకున్న ఇంట్లో వంశవృక్షం గీస్తే ఒకే మనిషి మేనమామ కూతురిగా ఒక కొమ్మలో, కోడలిగా ఇంకో కొమ్మలో కనిపిస్తుంది. రెండు చోట్లా రాస్తే ఇద్దరు మనుషులేమో అనిపిస్తుంది. ఒక చోట రాసి అడ్డంగా గీత లాగితే బొమ్మ చిక్కుపడుతుంది. కృష్ణ విషయంలో తెలుగుగంగ, అంటే పోతిరెడ్డిపాడు నుంచి చెన్నైకి నీళ్ళు తీసుకెళ్ళే ఆ పథకం, అలాంటిదే. పట్టిసీమ నుంచి ఎత్తిన గోదావరి నీరు ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలవడం కూడా అంతే. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీటిని తీసుకుని కడప దాకా వెళ్ళే కేసీ కాలువదీ అదే కథ.

రెండో లోపం లోతైనది. చాలామంది దాన్ని గమనించరు. మైండ్ మ్యాపులో గీతకు అర్థం ఉండదు. ‘కృష్ణ’ నుంచి ‘మూసీ’కి ఒక గీత ఉంది. ‘కృష్ణ’ నుంచి ‘బచావత్’కు ఇంకో గీత ఉంది. మొదటి గీతకు అర్థం ‘ఇది అందులో కలుస్తుంది’ అని. రెండో గీతకు అర్థం ‘ఈ నీటి పంపకాన్ని ఆయన నేతృత్వంలోని ట్రైబ్యునల్ తేల్చింది’ అని. రెండూ ఒకేలా కనిపిస్తాయి. గీసిన రోజున తేడా మన మనసులో ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఆ కాగితం తెరిస్తే మాటలు మిగులుతాయి, వాటి మధ్య సంబంధం మాత్రం మళ్ళీ పుస్తకంలో వెతుక్కోవాలి.

కాన్సెప్ట్ మ్యాపు: గీతకు మాట ఉన్నప్పుడు

ఆ లోటును తీర్చే బొమ్మ ఇది. 1972 ప్రాంతంలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నోవాక్ బృందం పిల్లల సైన్సు అవగాహన ఏళ్ళ తరబడి ఎలా మారుతుందో పరిశీలిస్తూ దీన్ని రూపొందించింది. పిల్లలతో జరిపిన సంభాషణలు గుట్టలుగా పేరుకుపోతే, వాటిలో ఏ పిల్లవాడికి ఏది అర్థమైందో తేల్చడానికి ఒక పద్ధతి కావలసి వచ్చింది. ఇందులో విషయాలు గడుల్లో ఉంటాయి. ఒక గడి నుంచి మరో గడికి బాణం వెళ్తుంది. ఆ బాణం మీద సంబంధాన్ని తప్పనిసరిగా రాయాలి. ఒక గడికి ఎన్ని బాణాలైనా రావచ్చు, ఎన్నైనా పోవచ్చు. మొదలు ఒక్కటే ఉండాలన్న నియమం లేదు.

తెలుగులో గీసేవాళ్ళకు ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. దీని గురించి ఎవరూ చెప్పగా నేను వినలేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఇంగ్లీషులో గడి, బాణం మీది మాట, రెండో గడి వరసగా చదివితే వాక్యం అవుతుంది, ఎందుకంటే ఆ భాషలో క్రియ మధ్యలో వస్తుంది. మనకు క్రియ చివర వస్తుంది. ‘తుంగభద్ర’ నుంచి ‘కృష్ణ’కు బాణం గీసి దాని మీద ‘కలుస్తుంది’ అని రాస్తే, ‘తుంగభద్ర కలుస్తుంది కృష్ణ’ అని చదవాలి. ఒకటి రెండైతే సర్దుకోవచ్చు. ఇరవై బాణాలు పడ్డాక ఏది దేనిలో కలుస్తుందో, ఏది దేనికి నీరిస్తుందో తారుమారవుతుంది. మేము మొదట గీసిన బొమ్మలో ‘ఇస్తుంది’ అన్న మాట ఏడు బాణాల మీద ఉంది. వారం తర్వాత వాటిలో మూడింటిని మేమిద్దరం చెరో రకంగా చదివాం.

దీనికి మందు మన వ్యాకరణంలోనే దొరికింది. బాణం మీద క్రియ రాయడం మానేసి, ‘కలిసే నది’, ‘పుట్టిన చోటు’, ‘నీరు తీసుకునే తూము’, ‘నీరు చేరే చోటు’ అని రాయడం మొదలుపెట్టాం. అప్పుడు ‘తుంగభద్ర, కలిసే నది, కృష్ణ’ అని చదువుతాం. ‘శ్రీశైలం, నీరు తీసుకునే తూము, పోతిరెడ్డిపాడు’. ‘పోతిరెడ్డిపాడు, నీరు చేరే చోటు, వెలుగోడు’. బాణం కొనకు ఉన్న గడి ఎప్పుడూ ఆ మాటకు జవాబే అవుతుంది. ఈ ఒక్క మార్పుతో మా బొమ్మలు నెలల తర్వాత కూడా అర్థమయ్యాయి. మీరు తెలుగులో కాన్సెప్ట్ మ్యాపు గీస్తే మొదటి బాణం నుంచే ఇలా రాయండి.

ఇంకో సంగతి. కాన్సెప్ట్ మ్యాపును ‘కృష్ణ’ లాంటి పేరుతో మొదలుపెట్టకూడదు, ప్రశ్నతో మొదలుపెట్టాలి. ‘కృష్ణ నీరు చెన్నైకి ఎలా చేరుతుంది?’ అని కాగితం పైన రాస్తే పది పన్నెండు గడులతో పని ముగుస్తుంది. ‘కృష్ణ’ అని రాస్తే ఎక్కడ ఆపాలో తెలియదు. దీనికి సమయం ఎక్కువ పడుతుంది, మాటకు మాట తూచి రాయాలి. అందుకే చదివిన ప్రతి పాఠానికీ గీయమని చెప్పను. కారణాలు, ఫలితాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉన్నచోట, చదివినా బుర్రకెక్కనిచోట ఇది గీయండి.

పట్టిక: ఒకే ప్రశ్నను అందరినీ అడిగేటప్పుడు

బొమ్మల మోజులో పడ్డవాళ్ళు పట్టికను చిన్నచూపు చూస్తారు. అది పొరపాటు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మన దినపత్రికలు జలాశయాల వివరాలు ఎలా అచ్చు వేస్తాయో చూడండి. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్‌ది 590, పులిచింతలది 175. పక్క నిలువు వరసలో ఆ రోజు ఉన్న మట్టం, ఆ పక్కన వచ్చే నీరు, పోయే నీరు. వీటిని మైండ్ మ్యాపులో పెడితే ఒక్కో అంకె ఒక్కో రెమ్మ చివర వేలాడుతుంది, ఏ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేం.

పట్టికకు ఉన్న ఇంకో గొప్ప గుణం ఖాళీ గడి. శ్రీశైలానికి గేట్లు 12, సాగర్‌కు 26 అని రాసి, మూడో వరసలో పులిచింతల దగ్గరికి వచ్చేసరికి గడి ఖాళీగా ఉంటే మనకు తెలియనిది మన కంట్లో పడుతుంది. మైండ్ మ్యాపులో లేని రెమ్మ కనిపించదు. లేనిది అందులో లేనట్టే ఉంటుంది. పరీక్షలకు చదివేవాళ్ళకు ఈ తేడా చాలా విలువైనది.

నీటి వాటాలు కూడా పట్టిక సరుకే. బచావత్ ట్రైబ్యునల్ మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు కేటాయించింది. ఆయకట్టు నుంచి తిరిగి నదిలోకి చేరే నీటిని కలిపితే అవి 585, 734, 811 అయ్యాయి. ఒక పుస్తకంలో 800, ఇంకో పుస్తకంలో 811 చూసి మా మేనకోడలు ఏది సరైనదో తెలియక రెండు రోజులు సతమతమైంది. రెండు నిలువు వరసలున్న పట్టిక గీయగానే రెండూ సరైనవేనని, లెక్కలో ఒకటి ముందుది, ఒకటి తర్వాతిదని తేలింది. 2015లో కుదిరిన తాత్కాలిక ఏర్పాటులో ఆ 811లో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అన్నది మూడో వరసగా చేరింది.

కాలరేఖ

దీని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నియమం ఒక్కటే: ఏళ్ళ మధ్య దూరాన్ని కాగితం మీద కూడా దూరంగా చూపండి. సంవత్సరాలను ఒకదాని కింద ఒకటి సమానంగా రాస్తే అది జాబితా అవుతుంది, కాలరేఖ కాదు. పదేళ్ళకు రెండు సెంటీమీటర్ల చొప్పున గీశాం. 1855లో విజయవాడ దగ్గర ఆనకట్ట, ఆ తర్వాత చాలా దూరాన 1952లో దానికి గండి, 1957లో ప్రకాశం బ్యారేజీ. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన. 1969లో బచావత్ ట్రైబ్యునల్ ఏర్పాటు, 1973లో తీర్పు, 1976లో తుది రూపం. 2004లో బ్రిజేశ్ కుమార్ ట్రైబ్యునల్, 2014లో రాష్ట్ర విభజన.

అలా గీశాక ఒక విషయం కళ్ళకు కట్టింది. పంపకం తేల్చే ట్రైబ్యునల్ కన్నా పద్నాలుగేళ్ళ ముందే సాగర్‌కు పునాది రాయి పడింది. అప్పటికే వాడుకలో ఉన్న నీటికి రక్షణ అన్న మాట బచావత్ తీర్పులో ఎందుకంత ముఖ్యమైందో ఆ పద్నాలుగేళ్ళ దూరం చెప్పింది. ‘ఏది ముందు, ఏది వెనక, ఎంత ఎడంతో?’ అని మీ ప్రశ్న ఉంటే దీనికి మించినది లేదు. ‘ఎందుకు?’ అన్న ప్రశ్న మిగిలితే కాన్సెప్ట్ మ్యాపుకు వెళ్ళండి.

చీటీల పద్ధతి, పరీక్షలకు కాదు

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ జీవితకాలంలో దాదాపు 90,000 చీటీలు రాసి, అంకెలతో ఒకదానికొకటి ముడిపెట్టి చెక్క సొరుగుల్లో దాచుకున్నాడు. ఒక చీటీకి ఒకే ఆలోచన, అది ఏ ఇతర చీటీలకు సంబంధించినదో ఆ అంకెలు. ఇప్పుడు అబ్సిడియన్, లాగ్‌సెక్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఇదే పనిని కంప్యూటర్లో చేయిస్తాయి. ఏళ్ళ తరబడి ఒకే రంగంలో చదువుతూ, వ్యాసాలో పుస్తకమో రాయాలనుకునేవాళ్ళకు ఇది నిజమైన ఆస్తి. ఎనిమిది నెలల్లో పరీక్ష ఉన్నవాళ్ళను మాత్రం దీని జోలికి వెళ్ళవద్దని గట్టిగా చెబుతాను. చీటీల పెట్టె ఫలించడానికి ఏళ్ళు పడుతుంది.

ఈ సాఫ్ట్‌వేర్లు చుక్కలు, గీతలతో నక్షత్రమండలంలాంటి బొమ్మను చూపిస్తాయి. దాన్ని చూసి మురిసిపోయి చాలామంది ఇటు వస్తారు. ఆ బొమ్మలో గీతలకు పేర్లు లేవు. మైండ్ మ్యాపుకు ఉన్న రెండో లోపం ఇక్కడ వందల రెట్లు పెరుగుతుంది. చీటీల బలం ముడి వేసేటప్పుడు ‘దీన్ని దానికి ఎందుకు కలుపుతున్నాను’ అని రాసే ఆ ఒక్క వాక్యంలో ఉంది.

తెలుగులో చీటీలు రాసేవాళ్ళు వెతుకులాట గురించి కూడా ఆలోచించుకోవాలి. ‘జలాశయం’ అని వెతికితే ‘జలాశయాలు’, ‘జలాశయానికి’ అని రాసిన చీటీలు దొరకవు. విభక్తి చేరగానే మాట చివర మారిపోతుంది. ‘జలాశయ’ వరకే రాసి వెతకడం అలవాటు చేసుకోండి. లేదా ప్రతి చీటీ అడుగున ముఖ్యమైన మాటలను విభక్తి లేకుండా, ఏకవచనంలో ఒక వరసలో రాయండి. నేను రెండోదే చేస్తాను.

చూస్తూ గీయడం, మూసి గీయడం

ఏ బొమ్మ ఎంచుకున్నా దీన్ని మరిచిపోవద్దు. 2011లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు జెఫ్రీ కార్పికె, జానెల్ బ్లంట్ ‘సైన్స్’ పత్రికలో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. కొందరు విద్యార్థులు పాఠాన్ని ఎదురుగా పెట్టుకుని కాన్సెప్ట్ మ్యాపు గీశారు. ఇంకొందరు పాఠం చదివి, పక్కన పెట్టి, గుర్తున్నది రాశారు. వారం తర్వాత పరీక్ష పెడితే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళే ముందున్నారు. చివరి పరీక్ష కాన్సెప్ట్ మ్యాపు గీయడమే అయినప్పుడు కూడా ఫలితం అదే.

పుస్తకం చూస్తూ నాలుగు రంగులతో మూడు గంటలు గీసిన అందమైన బొమ్మ మీకు తృప్తినిస్తుంది, జ్ఞాపకాన్ని అంతగా ఇవ్వదు. పుస్తకం మూసి, ఒకే పెన్నుతో పది నిమిషాల్లో గీయండి. తర్వాత పుస్తకం తెరిచి, మరిచిపోయినవాటిని ఎర్ర సిరాతో చేర్చండి. మా మేనకోడలి రెండో కృష్ణ బొమ్మలో ఎర్రగా పడ్డవి పంచగంగ, పాలేరు. మూడోదానిలో పాలేరు ఒక్కటే. నాలుగోదానిలో ఎరుపు లేదు.

కాగితమా, కంప్యూటరా?

నేర్చుకునేటప్పుడు కాగితం, దాచుకునేటప్పుడు కంప్యూటర్. నా సలహా ఇదే. కాగితంలో చోటు పరిమితం కాబట్టి ఏది రాయాలో ఎంచుకోవలసి వస్తుంది. కంప్యూటర్‌లో కొమ్మలకు హద్దు లేదు, అందుకే పాఠమంతా ఎత్తి అందులో పోస్తాం.

కంప్యూటర్‌లోనే చేయాలనుకుంటే మైండ్ మ్యాపులకు ఫ్రీప్లేన్ ఉచితం, అందరికీ తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేరు. చూపుకు ఇంకొంచెం సొగసు కావాలంటే ఎక్స్‌మైండ్ ఉంది. కాన్సెప్ట్ మ్యాపులకు సీమ్యాప్ టూల్స్ ఉంది. ఫ్లోరిడాలోని పరిశోధన సంస్థ ఐహెచ్‌ఎంసీ దాన్ని తయారుచేసింది, బాణం గీయగానే దాని మీద మాట రాయమని అదే అడుగుతుంది. పట్టికలకు మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు. ఫ్రీప్లేన్, అబ్సిడియన్ తమ ఫైళ్ళను మామూలు అక్షరాల రూపంలోనే దాచుతాయి కాబట్టి రేపు ఆ సాఫ్ట్‌వేరు లేకపోయినా మీ రాత చదవగలిగేలా ఉంటుంది. నేను వాటినే ఇష్టపడటానికి కారణం ఇదే.

ఏది ఎంచుకున్నా పని మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు పరీక్షించండి. ఒక గడిలో ‘రాష్ట్రం’, ఇంకో దానిలో ‘స్త్రీ’, మూడో దానిలో ‘కృష్ణ’ అని రాసి పీడీఎఫ్‌గా మార్చండి. ఒత్తులు విడిపోకుండా వచ్చాయా చూడండి. ఆ పీడీఎఫ్‌లో ‘రాష్ట్ర’ అని వెతికితే దొరుకుతుందా చూడండి. ఒక సాఫ్ట్‌వేరులో రెండు నెలలు పనిచేశాక, అచ్చు వేసిన కాగితం మీద ఒత్తులన్నీ అక్షరాల పక్కన విడిగా పడి ఉండటం చూశాను. అదంతా మళ్ళీ చేత్తో రాసుకున్నాను.

ఎవరికి ఏది

పోటీ పరీక్షలకు చదివేవాళ్ళకు ప్రతి పెద్ద పాఠానికీ ఒక మైండ్ మ్యాపు, అంకెలున్న ప్రతిచోటా పట్టిక సరిపోతాయి. కాన్సెప్ట్ మ్యాపులు మొత్తం చదువులో పదో పదిహేనో ఉంటే చాలు. విలేకరులకు, పరిశోధకులకు కాలరేఖ, చీటీలు. ఇంటి బీమా కాగితాలు, పొదుపు వివరాలు, వైద్య పరీక్షల ఫలితాలు దాచుకోవడానికి పట్టిక తప్ప మరేదీ వద్దు. ఇంట్లో ఇంకొకరు కూడా దాన్ని వెంటనే చదవగలగాలి. కుటుంబ చరిత్ర రాసేవాళ్ళు వంశవృక్షంతో మొదలుపెట్టి, మేనరికాలు వచ్చేసరికి కాన్సెప్ట్ మ్యాపుకు మారండి. బాణాల మీద ‘భార్య’, ‘మేనమామ’, ‘పెంచిన తల్లి’ అని రాస్తే ఒక్క మనిషికి ఒక్క గడే సరిపోతుంది.

రెండు మూడు రకాలు కలిపి వాడేటప్పుడు వాటిని ఒకే కాగితంలో కుక్కవద్దు. మా మేనకోడలు ఆ మొదటి ఏ3 కాగితాన్ని పారేయలేదు. శ్రీశైలం కొమ్మ చివర ఒక ఎర్ర చుక్క పెట్టి, పక్కన ‘2’ అని రాసింది. కాన్సెప్ట్ మ్యాపు గీసిన కాగితం పై మూలన అదే ఎర్ర చుక్క, అదే ‘2’. వాటాల పట్టికకు నీలం చుక్క, ‘3’. పరీక్ష అయ్యేదాకా మూడు కాగితాలూ ఆమె గదిలో కిటికీ పక్క గోడ మీద వరసగా ఉన్నాయి.